వాక్యాలు దిద్దిపోయిన దొంగ

"దొంగెవరో తేలేదాకా ఆదోని పిల్ల స్టేజీ ఎక్కేదానికి లేదు మేడం. ఇంక మాట్లాడద్దు!"

తిరుపాల్ సార్ కేక ఇంకా నిండని హాల్లో మోగింది. ఎమ్మిగనూరులో ఈ స్కూలుకు ఇంగ్లీషు చెప్పే ఆయనే ఈ పోటీకి పెద్ద. మామూలు రోజుల్లో ఈగ మీదైనా విసుక్కోని మనిషి. ఈ పొద్దు మాత్రం మొహం కందగడ్డయింది.

ఆ పిల్లను ఆదోని నుంచి తెచ్చిన పంతులమ్మ సునీత ఆయన్ని చూడటం లేదు. స్టేజీ మీద వేలాడుతున్న వాక్యాలను చూస్తోంది.

నిన్న సాయంత్రం ఆ వాక్యాలు తప్పులు. ఈ పొద్దున అన్నీ ఒప్పులు.

పోటీ పేరు వాక్య మరమ్మతు. తిరుపాల్ వారమంతా కూర్చుని ఇంగ్లీషు వాక్యాలను ముక్కలుగా అట్టల మీద రాశాడు. అట్టలకు చిల్లులు పెట్టి, నూలు దారానికి గుచ్చి, ఒక్కో వాక్యాన్ని రెండు మేకుల మధ్య దండలాగా కట్టాడు. దాదాపు ప్రతి దండలో ఒక ముక్క కావాలనే చోటు తప్పి ఉంటుంది. పోటీకి వచ్చిన పిల్లలు ఆ ముక్కను పట్టుకోవాలి, దారం కత్తిరించి బయటికి తీయాలి, అది ఎవరి గురించి చెబుతోందో వాళ్ల పక్కన క్లిప్పుతో బిగించాలి. ఇంగ్లీషులో దాన్నే మాడిఫైయర్ అంటారు. అది పక్కవాడికి అంటుకునే మాట. తప్పు మనిషి పక్కన పెడితే తప్పు మనిషికే అంటుకుంటుంది.

"ద ట్రేడర్ బాట్ కాటన్ ఫ్రమ్ ద ఫార్మర్ ఇన్ గన్నీ బ్యాగ్స్" అని నిన్న ఒక దండ వేలాడింది. గోనెసంచుల్లో ఉన్నది పత్తి కాదు, రైతు! ఆదోని మార్కెట్ యార్డు చూసిన ఏ పిల్లైనా పడీపడీ నవ్వే వాక్యం. ఇప్పుడు "ఇన్ గన్నీ బ్యాగ్స్" అనే అట్ట బుద్ధిగా వచ్చి పత్తి పక్కన కూర్చుంది. "విత్ ఎ బ్రోకెన్ హ్యాండిల్, ద టీచర్ లిఫ్టెడ్ ద బకెట్" అనే దండలో పిడి విరిగింది పంతులుకు. ఇప్పుడు ఆ పిడి బకెట్టుకు చేరింది.

రాత్రి తాళం వేసిన హాలు. పొద్దున ఎవరో వచ్చి, అన్నీ దిద్ది, చప్పుడు లేకుండా పోయారు.

"మీ పిల్ల అందరికన్నా ముందు వచ్చింది, మొదటి బస్సుకే" అన్నాడు తిరుపాల్. "మొహం కడుక్కునేదానికి మా వాచ్‌మన్ దుర్గప్ప పక్క గది తీసిచ్చినాడు. ఆ గదిలోంచి హాల్లోకి తలుపుంది. దిద్దుకొని చూసుకొని, మళ్లీ తప్పుగా మార్చేలోపల ఎవరో వచ్చింటారు, పారిపోయింటాది. ఇంకేం కావాల?"

"చూసిందెవరు సార్?"

"చూడాల్నా? పొగ వచ్చినాక మంటను చూడాల్నా?"

సునీత వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర లావణ్య నిలబడి ఉంది. పదో తరగతి. మోచేతి దాకా చిన్న చిన్న గీతలు, మొన్నటిదాకా పత్తి తీసిన చేతులు. ఆ పిల్ల ఏడవడం లేదు. అదే సునీతకు ఎక్కువ కష్టంగా ఉంది.

వరండాలో లావణ్య తల్లి ఉచ్చీరమ్మ మూట పక్కన కూర్చుని ఉంది. సాయంత్రం ఆదోని స్టేషన్‌లో రైలు. ఊరి కూలి జట్టంతా గుంటూరు మిరపకోతలకు పోతోంది. గెలిచిన పిల్లకు కర్నూలులో ఒక కాలేజీ ఇంటర్ రెండేళ్లూ చదువు, హాస్టలు, తిండి పెడతామంది. ఉచ్చీరమ్మ అందుకే బిడ్డ వెంట ఇంతదూరం వచ్చింది. బస్సులో సునీతతో తేల్చి చెప్పింది: "సీటొస్తే మా యమ్మ కాడ పెట్టి పోతా మేడమ్మా, పది రాసుకోనీ. రాలేదనుకో, పది రాసి మాత్రం ఏం జేస్తాది? నాతో వస్తాది, రెండు చేతులు తోడైతాయి."

ఇవాళ లావణ్య స్టేజీ ఎక్కకపోతే సాయంత్రం రైలెక్కుతుంది.

"వేరే వాక్యాలున్నాయి కదా సార్, రెండో కట్ట. వాటితో జరిపించండి" అంది సునీత.

సమాధానం తిరుపాల్ ఇవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న కాలేజీ ప్రతినిధి ఇచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కార్డు. "మేడం, నేను మా మేనేజ్‌మెంటుకు జవాబు చెప్పుకోవాల. దొంగతనం జరిగిన పోటీలో అనుమానం ఉన్న పిల్ల గెలిస్తే ఆ సీటు నేను ఇయ్యలేను. అందరి ముందర తేలాల. తేలకపోతే ఆ పిల్ల పక్కకు తప్పుకోవాల."

"తేలుస్తా" అంది సునీత.

"ముఖ్య అతిథి వచ్చే టైమయింది" అన్నాడు తిరుపాల్ గొంతు తగ్గించి. "పుల్లన్న సారు. ఆయన సన్మానం ఈ పొద్దు. ఆయన చెవిన ఈ గలీజు పడకూడదు, ముందే చెప్తాండా. పెద్ద ప్రాణం. ఆయన కుర్చీలో కూర్చునేలోపల పేరు చెప్పండి, మీ పిల్ల ఆడతాది. లేదంటే లేదు."

పుల్లన్న సారు పేరు వినగానే హాల్లో ఉన్న నలుగురు పంతుళ్లూ కొంచెం సర్దుకుని నిలబడ్డారు. ఎమ్మిగనూరు మనుషులకు ఆ పేరంటే అంతే. రిటైరైపోయి మాధవరంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. సునీతకు, తిరుపాల్‌కు, సగం ఊరికి ఇంగ్లీషు నేర్పింది ఆయనే. పొద్దున మగ్గం మీద కూర్చుని నేసి, వేళ్లకు గంజి వాసనతోనే స్కూలుకు వచ్చేవాడు. పని చేసే మనిషే లేకుండా వేలాడే వాక్యం రాసిన పిల్లను నిలబెట్టి, "వానొచ్చింది సరే. బస్సు కోసం కాసుకున్నోడు యాడబ్బా? వాణ్ని తెచ్చి ఈడ కూసోబెట్టు, అప్పుడు నువ్వు కూసో" అనేవాడు. పిల్లలు తలబాదుకుని, నవ్వుకుని, ఆ మనిషిని వెతికి తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఇంగ్లీషు చాలామంది చెప్తారు. వాక్యంలో మాయమైన మనిషిని వెతికి పట్టుకోవడం ఒక వేటలాగా చెప్పినవాడు ఆయనొక్కడే.

సునీత స్టేజీ ఎక్కింది. దండల దగ్గరికి పోయి, తిరుపాల్ రాసుకున్న అసలు కాగితంతో పోల్చుకుంటూ ఒక్కొక్కటీ చదివింది.

చదివేకొద్దీ ఆమెకు కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. ఈ దొంగ మామూలువాడు కాదు. "వెయిటింగ్ ఫర్ ద బస్, ద రెయిన్ స్టార్టెడ్" అనే దండలో బస్సు కోసం కాసుకున్న మనిషే లేడు, వాన కాసుకుంది. దానికి ముక్కను జరిపితే సరిపోదు, కొత్తగా మనిషిని తేవాలి. దొంగ పళ్లెంలో ఉన్న విడి అట్టల్లోంచి ఎర్రిస్వామి అన్న మనిషి పేరు ఏరి, కావలసిన చిన్న మాటలు రెండు చేర్చి, వాక్యాన్ని చక్కగా కుట్టేశాడు. చివర్లో ఒక దండ ఉంది: "సిటింగ్ ఆన్ ద వాల్, మద్దమ్మ ఏట్ గువాస్." గోడ మీద కూర్చుంది మద్దమ్మే, జామకాయలు తిన్నదీ మద్దమ్మే. ఒప్పు వాక్యం. పిల్లలను బోల్తా కొట్టించడానికి తిరుపాల్ పెట్టిన ఉచ్చు. దొంగ దాన్ని వేలు పెట్టకుండా వదిలేశాడు.

తప్పును దిద్దడం చాలామందికి వస్తుంది. ఒప్పును ముట్టుకోకుండా వదలడం కొందరికే వస్తుంది.

లావణ్య ఆ ఉచ్చులో పడేది. మొన్న ఆదోనిలో ప్రాక్టీసు చేసేటప్పుడు ఇలాంటి వాక్యాన్నే కెలికి పాడు చేసింది. కానీ ఈ మాట చెబితే ఎవరు నమ్ముతారు? సొంత పంతులమ్మ సాక్ష్యం!

సునీత పళ్లెం వైపు చూసింది. కత్తెర ఉంది. క్లిప్పులు ఉన్నాయి. పాకెట్టు కూడా విప్పలేదు.

మరి ముక్కలు ఎలా బిగించారు?

దారం వేలితో తడిమింది. అట్టకూ అట్టకూ మధ్య ఒకచోట చిన్న గింజ తగిలింది. నువ్వుగింజంత. దారాన్ని కొరికి, ముక్క మార్చి, మళ్లీ ముడి వేశారు. ముడి ఎంత చదునుగా ఉందంటే అట్ట చిల్లు దాని మీదుగా తట్టుకోకుండా జారిపోతోంది. కొసలు గోటితో గిల్లేసి ఉన్నాయి.

ఆ ముడి సునీతకు తెలుసు. వెంటనే చేతిని వెనక్కి తీసుకుంది.

ఆలస్యమైంది. దేవనకొండ నుంచి వచ్చిన మాస్టారు ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

"ఇదేందబ్బా, నేతోళ్లు పోగు అతికే ముడి గదా!" అన్నాడు గట్టిగా. "అయితే ఆదోని పిల్ల కాదు సార్. మీ ఎమ్మిగనూరు పిల్లే! మీ స్వప్న వాళ్లది మగ్గాలిల్లు గదా?"

హాల్లోని తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. కిటికీ దగ్గర నిలబడిన స్వప్న, తిరుపాల్ స్టూడెంటు, పోటీలో లావణ్యకు అసలు ప్రత్యర్థి, తెల్లబోయింది.

"నేనా? నేను ఇప్పుడే వచ్చినా సార్!"

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంట" అని నవ్వాడు దేవనకొండ మాస్టారు.

కాలేజీ ప్రతినిధి జేబులోంచి పెన్ను తీశాడు.

ఒక్క మాట అంటే చాలు. "అవును, నేతవాళ్ల ముడే" అని సునీత అంటే చాలు. స్వప్న పక్కకు పోతుంది, లావణ్య స్టేజీ ఎక్కుతుంది, సీటు దాదాపు చేతిలో ఉన్నట్టే. వరండాలో మూట ఒకటే రైలెక్కుతుంది. ఆ మాట సునీత నాలుక మీదికి వచ్చి నిలబడింది.

ఆమెకన్నా ముందు ఇంకొకరు మాట్లాడారు.

"ఆ పాపను అనద్దండి సార్."

లావణ్య. తలుపు దగ్గరినుంచి నాలుగడుగులు ముందుకొచ్చింది.

"దొంగతనం చేసేటోళ్లు జవాబు చూసుకొని పోతారు గానీ, అందరికీ కనబడేట్టు దిద్దిపెట్టి పోతారా? నేనైనా అంతే, ఆ పాపైనా అంతే. కావాలంటే ఆ పాప చేత ముడేయించి చూడండి."

తిరుపాల్ దారం ముక్క తెంపి స్వప్న చేతికిచ్చాడు. స్వప్న ముడి వేసింది. శనగగింజంత లావు వచ్చింది. లాగితే ఊడిపోయింది.

"నాకు రాదు సార్" అంది సిగ్గుతో. "నేను పుట్టకముందే మా నాయన మగ్గం తీసేసినాడు. మా అవ్వకొచ్చు. మా వీధిలో ముసిలోళ్లకే వచ్చు."

సునీత లావణ్య వైపు చూసింది. ఆ పిల్ల గెలిచినా ఓడినా, ఇలాంటి పిల్లకు తాను చదువు చెప్పినందుకు గర్వంగా అనిపించింది. ఆ వెంటనే ఆ పిల్ల అన్న మాట మెదడులో గిర్రున తిరిగింది. దిద్దిపెట్టి పోతారా?

పోతారు. ఒక రకం మనుషులు పోతారు.

సునీత పుట్టింది ఇదే ఊళ్లో, మగ్గాల వీధిలో. ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. దారిన పోతూ ఎవరి మగ్గం మీదైనా తెగిన పోగు కంట్లో పడితే, లోపలికి పోయి అతికి పోవాలి. ఇంటివాళ్లను అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. పగవాడి మగ్గమైనా సరే. చూసీ చూడనట్టు పోయినవాడిని వీధి వీధంతా వారం రోజులు తిట్టేది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది, పండక్కి కొత్తబట్టలు కట్టుకుని పోతున్న మనిషి కూడా ఆగి, చేతులు తుడుచుకుని, పోగు అతికి, తన దారిన తాను పోవడం. అతికిన సంగతి అడుగు దాటేసరికి వాళ్లకే గుర్తుండేది కాదు.

దొంగ దొంగతనానికి రాలేదు. దారిన పోతూ తెగిన పోగు చూశాడు.

"దుర్గప్పా!" అని పిలిచింది.

వాచ్‌మన్ దుర్గప్ప చీపురు పట్టుకునే వచ్చాడు.

"పొద్దున ఈ హాల్లోకి ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదమ్మా. ఎన్నిసార్లు చెప్పల్ల? ఆ పిల్ల మొహం కడుక్కొని అట్నుంచి అట్లే వరండాలోకి పోయింది. తలుపు తీసింది నేనే, ఊడ్చింది నేనే."

"ఊడ్చేటప్పుడు తలుపు తీసే ఉన్నింది కదా?"

"ఉన్నింది."

"అప్పుడు బయటోళ్లు ఎవరూ లోపలికి రాలేదా?"

"బయటోళ్లా? బయటోళ్లెవరూ రాలేదు తల్లీ." దుర్గప్ప నొచ్చుకున్నాడు. "సారొచ్చినాడు, అంతే. సారు బయటోడైతాడా? ఆయన పాఠం చెప్పిన హాలు ఇది. మాధవరం నుంచి తెల్లారే వచ్చేసినాడు, ఒకసారి చూసిపోతానన్నాడు. స్టేజీ ఎక్కి ఆడాడ తిరుగుతా ఉన్నాడు. నేను బెంచీలు జరుపుకుంటా ఉంటి. ఆమీద చెల్లెలింట్లో ఉగ్గాని తింటానని పాయె."

"ఏ సారు?" అన్నాడు తిరుపాల్. అడిగేటప్పటికే ఆయన మొహంలో రంగు దిగిపోతోంది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. పిల్లల చప్పట్లు. ఎవరో పూలదండ తెమ్మని అరుస్తున్నారు.

తిరుపాల్ సునీత మోచెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాగాడు. "మేడం, దండం పెడతా. నోరు తెరవద్దండి. లావణ్యను ఆడనిస్తా, రెండో కట్ట పెడతా, ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా."

"ఆ కాలేజీ మనిషి అందరి ముందర తేలాలన్నాడు సార్. మీరూ విన్నారు."

"ఆయనకు చెవిలో చెప్తా."

"ఊరి చెవిలో ఎవరు చెప్తారు? బయట అప్పుడే 'ఆదోని దొంగ' అంటాండారు. మూట పక్కన కూర్చున్న తల్లికి కూడా వినపడింది. రేపు ఈ పిల్ల గెలిచినా ఆ మాట ఈమె పేరు పక్కనే ఉంటాది. అతుక్కుపోతాది."

"సన్మానం రోజు, ఆయన మెడలో దండ వేసి ఆ మాట అంటామా? నాకూ ఆయనే గదా అక్షరం పెట్టింది! ఆయన ఎంత కుమిలిపోతాడు?"

తిరుపాల్ కళ్లలో నీళ్లు అబద్ధం కాదు. సునీత కూడా పుల్లన్న సారు వేలు పట్టుకుని ఇంగ్లీషు నడక నేర్చుకున్న పిల్లే. తాను ఆదోనిలో బతుకుతున్నది ఆయన చెప్పిన పాఠం మీదనే. లావణ్యకు చెప్పిందీ ఆ పాఠమే.

తెర పక్కకు జరిగింది. హాలు నిండిపోయింది. పుల్లన్న సారు మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. తెల్ల పంచె, ఎమ్మిగనూరు కండువా, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి. ఎవరో ఆయన మెడలో దండ వేశారు. ఆయన దాన్ని వెంటనే తీసి కుర్చీ చేతికి తగిలించాడు. జరిగిందేమీ ఆయనకు తెలియదు. తెలియనివ్వకూడదని అందరూ కలిసి తీర్మానించుకున్నారు కాబట్టి, తెలియాల్సిన ఆ ఒక్క మనిషికే తెలియలేదు.

స్టేజీ కింద, పక్కవరసలో, లావణ్య ఒక్కతే నిలబడి ఉంది. ఆమె చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలెవరూ పక్కన కూర్చోలేదు. తలుపు దగ్గర ఉచ్చీరమ్మ మూటను చంకన పెట్టుకుని లేచి నిలబడింది. రమ్మని కూతురికి చేత్తో సైగ చేస్తోంది.

లావణ్య ఆ వైపు ఒక అడుగు వేసింది.

సునీత మైకు అందుకుంది.

"లావణ్యా, ఆగు."

తిరుపాల్ కళ్లు మూసుకున్నాడు.

"పొద్దున ఈ స్టేజీ మీద పోటీ వాక్యాలన్నీ ఎవరో దిద్దేసినారు" అంది సునీత. "ఆదోని నుంచి నేను తెచ్చిన పిల్ల మీద నింద పడింది. ఆ పిల్ల చేయలేదు. ఎమ్మిగనూరు పిల్ల మీద పడింది. ఆ పాపా చేయలేదు. చేసినాయన మనముందరే ఉన్నాడు. ఆయనకు ఇవి పోటీ వాక్యాలని తెలియదు. తెగిన పోగు కంట పడితే అతకకుండా పోలేని మనిషి. నేనూ తిరుపాల్ సారూ ఇద్దరమూ కలిసినా, ఆ వాక్యాలను ఇంత అందంగా దిద్దలేము. ఒప్పుగా ఉన్న వాక్యాన్ని ముట్టుకోలేదు చూడండి, అక్కడే నాకు ఆ చెయ్యి తెలిసిపోయింది."

పుల్లన్న సారు తల తిప్పి వెనకున్న వాక్యాల దండల వైపు చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ఆయన కుడిచేతి బొటనవేలు చూపుడువేలు మీద, పోగు ముడి వేస్తున్నట్టు, తనంతట తానే ఒకసారి తిరిగి, ఆగిపోయింది.

సునీత ఆయన ముందుకు వచ్చి, వంగి ఆయన పాదాలు ముట్టి, లేచి నిలబడి హాలు వైపు తిరిగింది.

"దిద్దింది మా గురువు, పుల్లన్న సారు."